మందు మానేసినవాళ్ళు ఓపీలో కనిపించరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "గుంటూరులో కమ్యూనిటీ మెడిసిన్ (ప్రజారోగ్య వైద్యం) పీజీ మొదటి సంవత్సరం చేస్తున్నాను. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు మందులు మధ్యలో ఎందుకు మానేస్తారన్నది థీసిస్‌గా తీసుకోమని గైడ్ గారు చెప్పారు. ఓపీకి వచ్చిన వంద మందికి, మందులు క్రమంగా వేసుకుంటున్నారో లేదో కొలిచే మోరిస్కీ ప్రశ్నావళి ఇచ్చి, రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో చూసే కై-స్క్వేర్ లెక్క కడితే చాలని సీనియర్లు అంటున్నారు. పేషెంట్లు ఎలాగూ నిజం చెప్పరు కాబట్టి ఈ టాపిక్కే దండగ అని కొందరంటున్నారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది."

టాపిక్ దండగ కాదు. మన గుంటూరు, విజయవాడల్లో పక్షవాతంతో మంచాన పడినవాళ్ళ ఇళ్ళకు, డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు తిరిగేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగితే, "బీపీ ఉందని తెలుసండీ, మధ్యలో మాత్రలు ఆపేశాడు" అనే మాట ఎన్నిసార్లు వినాల్సి వస్తుందో నేను చెప్పనక్కర్లేదు. దీని మీద పని చేయాలని మీకు అనిపించడమే నాకు సంతోషం. కాకపోతే మీరు వెతకబోతున్న చోటు తప్పు.

పీజీ రోజుల్లో నేనూ ఓపీ బయట బల్ల వేసుకుని కూర్చున్నాను. ఒంటిమీద తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, చేతిలో ప్రశ్నల కాగితాలు. "మందులు రోజూ వేసుకుంటున్నారా?" అని అడగడం, "వేసుకుంటున్నానండి" అని వాళ్ళు చెప్పడం. నెల తిరిగేసరికి నా కాగితాల్లో దాదాపు అందరూ క్రమం తప్పకుండా వేసుకునేవాళ్ళే. ఆ నెలలోనే వేరే పనిమీద విజయవాడ వన్‌టౌన్‌లో కొండ మీది ఇళ్ళకు వెళ్ళాను. మెట్లెక్కి ఆయాసంతో నిలబడితే ఒక పెద్దావిడ లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇచ్చింది. చూస్తే నా కాగితాల్లో ఉన్న మనిషే. మందులు ఎక్కడ పెట్టుకుంటారమ్మా అని అడిగితే బియ్యం డబ్బా మీది కవరు తీసి నా చేతికిచ్చింది. మూడు నెలల స్ట్రిప్పులు, ఒక్క మాత్ర కూడా చింపలేదు. మరి ఆ రోజు వేసుకుంటున్నానన్నారు కదా అంటే, "నువ్వంత ప్రేమగా అడుగుతుంటే లేదని ఎట్టా చెప్పను నాయనా" అంది.

ఆవిడ అబద్ధం చెప్పిందని నేను ఈరోజుకీ అనుకోను. నా ప్రశ్నకు మర్యాదగా ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే. "పేషెంట్లు నిజం చెప్పరు" అని మీ సీనియర్లు అనేది ఇలాంటి ప్రశ్నలు అడిగి చూసిన అనుభవంతోనే అయుంటుంది. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆవిడ కనీసం ఓపీకి వచ్చింది. పూర్తిగా మానేసినవాళ్ళు అసలు రారు కదా. ఓపీ వరసలో నిలబడ్డవాళ్ళను పట్టుకుని మానేసినవాళ్ళ గురించి రాయడమంటే, బడికి వచ్చిన పిల్లలను పిలిచి బడి ఎందుకు మానేశారని అడగడమే.

దీనికి మన దేశంలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. గైడ్ గారితో మాట్లాడేటప్పుడు ఇది చెప్పండి. దానికంటే ముందు అమెరికా సంగతి ఒకటి. 1950ల్లో అక్కడ క్షయ కోసం వ్యాన్లలో ఉచితంగా ఎక్స్‌రేలు తీస్తుంటే జనం ఎందుకు రావడం లేదన్న ప్రశ్న వచ్చింది. హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ లాంటి సామాజిక మనస్తత్వవేత్తలు దాని మీద పనిచేశారు. అందులోంచే మీరు పరీక్షకు చదివే హెల్త్ బిలీఫ్ మోడల్ పుట్టింది. జబ్బు నాకు వస్తుందని నమ్ముతున్నానా, వస్తే ఎంత ప్రమాదమనుకుంటున్నాను, పరీక్షకు వెళ్తే లాభమెంత, అడ్డంకి ఎంత అనే లెక్క అది. పనికొచ్చే లెక్కే, మీ థీసిస్‌లో వాడుకోండి. కానీ ఆ ప్రశ్న మొత్తం రాని మనిషి మనసు చుట్టూనే తిరుగుతుంది.

మన దగ్గర కూడా అప్పట్లో పల్లెటూరివాళ్ళకు క్షయ గురించి తెలియదు, అందుకే ఆసుపత్రికి రారు అనే అభిప్రాయం ఉండేది. బెంగళూరు జాతీయ క్షయ సంస్థలో పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ ఆసుపత్రిలో కూర్చోకుండా కర్ణాటకలోని తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నవాళ్ళను ఇళ్ళ దగ్గరే కలిసి అడిగారు. 1963లో అది అచ్చయింది. వాళ్ళకు దొరికిన జవాబు అందరూ అనుకుంటున్నదానికి పూర్తిగా తిరగబడింది. తమకు దగ్గు, జ్వరం లాంటి లక్షణాలు ఉన్నాయని దాదాపు అందరికీ తెలుసు. సగం మందికి పైగా అప్పటికే వైద్యం కోసం తిరిగినవాళ్ళు. వెళ్ళిన చోట కఫం పరీక్ష చేయకుండా దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. అంటే మనుషులు ఆసుపత్రికి వచ్చారు, ఆసుపత్రే వాళ్ళను గుర్తుపట్టలేదు. మన దేశ క్షయ కార్యక్రమం మామూలు ఆసుపత్రుల్లోనే కఫం పరీక్షలు పెట్టే దారిలో నడవడానికి ఈ పని ఒక ఆధారం అయింది. ఇద్దరు మనుషులు ఓపీ వదిలి ఇళ్ళకు వెళ్ళడం వల్ల అది సాధ్యమైంది.

ఇప్పుడు మీ పనిలోకి వద్దాం.

అన్నిటికంటే ముందు "మానేయడం" అంటే ఏమిటో తేల్చుకోండి. చీటీ రాయించుకుని ఒక్కసారి కూడా మందు కొననివాళ్ళు ఉంటారు. కొని, ఒంట్లో బాగోలేని రోజున మాత్రమే వేసుకునేవాళ్ళు ఉంటారు. నెల మందును రెండు నెలలు రావాలని సగం మాత్ర వేసుకునేవాళ్ళు ఉంటారు. నిజంగా ఆపేసినవాళ్ళు ఉంటారు. ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు ప్రవర్తనలు, వాటికి కారణాలూ వేరు. ఐదో రకం కూడా ఉంది, థీసిస్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్రభుత్వ కేంద్రానికి రావడం మానేసి గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటూ మందు చక్కగా వేసుకునేవాళ్ళు. రిజిస్టరులో వాళ్ళ పేరు పక్కన ఖాళీ ఉంటుంది, కాబట్టి లెక్కలో మానేసినవాళ్ళుగా చేరిపోతారు. కేంద్రం మారిన మనిషి వేరు, మందు ఆపిన మనిషి వేరు. ఎన్ని రోజులు ఆపితే ఆపినట్టో కూడా ముందే అంకె రాసుకోండి. క్షయలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వరసగా రెండు నెలలు మందు ఆగిపోతే చికిత్స మధ్యలో వదిలేసినట్టు లెక్కిస్తుంది. బీపీ, షుగర్‌కు మీరు ఏ అంకె తీసుకున్నా, ఎందుకు తీసుకున్నారో ఒక్క వాక్యం రాయండి.

పేర్లు ఓపీ వరస నుంచి కాకుండా రిజిస్టరు నుంచి తీయండి. ఒకటో రెండో పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఎంచుకుని, ఏడాది కిందట బీపీ, షుగర్ జాబితాలో నమోదైన అందరి పేర్లూ తీసుకుని, అందులోంచి లాటరీ పద్ధతిలో ఎంచుకోండి. తర్వాత ఇంటికి వెళ్ళండి. వచ్చేవాళ్ళూ మానేసినవాళ్ళూ ఇద్దరూ అందులోనే దొరుకుతారు, పోల్చి చూడవచ్చు.

ఇళ్ళు వెతకడం కష్టం, దానికి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం (ఇళ్ళకు తిరిగే ఆరోగ్య కేంద్రం నర్సు) సాయం తప్పనిసరి. అయితే వాళ్ళు ఇల్లు చూపించి వెళ్ళిపోవాలి. నెలనెలా మందు తెచ్చి ఇచ్చే మనిషి పక్కన నిలబడి ఉండగా "వేసుకోవడం లేదు" అని ఎవరు చెబుతారు? కోడలు పక్కన ఉన్నప్పుడు అత్త, అత్త పక్కన ఉన్నప్పుడు కోడలు చెప్పే జవాబు కూడా ఇంతే. వీలైతే అరుగు మీద కూర్చుని ఒక్కళ్ళతోనే మాట్లాడండి.

తాళం వేసిన ఇళ్ళు మీకు చాలా ఎదురవుతాయి. అక్కడ పక్కింటివాళ్ళను తీసుకుని లెక్క నింపేయకండి. పగలు పదకొండింటికి ఇంట్లో దొరికే మనిషి, అప్పుడు పనిలో ఉండే మనిషి ఒకటి కాదు. మిర్చి యార్డు హమాలీ పొద్దున్నే వెళ్ళిపోతాడు. ఆటోనగర్ మెకానిక్ రాత్రికి గాని రాడు. మిరప సీజన్‌లో కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చే కుటుంబాలు మనవైపు కొన్ని నెలలు ఉండి వెళ్ళిపోతాయి. అంతెందుకు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఎంతోమంది ఇళ్ళు వదిలి బయటికి రావాల్సి వచ్చింది. ఆ నెలలో అక్కడ ఒక మనిషి మాత్ర వేసుకోకపోతే అది అతని అశ్రద్ధ అని రాయగలమా? అందుకని ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళండి. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఏడు దాటాక, ఒకసారి ఆదివారం. అప్పటికీ దొరక్కపోతే దొరకలేదనే రాయండి. దొరకనివాళ్ళ వయసు, ఆడా మగా, ఏ పేటవాళ్ళు అన్నది రిజిస్టరులో ఉంటుంది కాబట్టి దొరికినవాళ్ళతో పోల్చి ఒక చిన్న పట్టిక పెట్టండి. వైవాలో (నోటి పరీక్షలో) ఎగ్జామినర్ మొదట చూసేది ఆ పట్టికనే, నేనైతే అదే చూస్తాను.

ఇక అడగడం. నేను చూసిన ఒక థీసిస్‌లో తెలుగు ప్రశ్న ఇలా ఉంది: "మీరు వైద్యుని సూచనానుసారం ఔషధములను క్రమబద్ధముగా సేవించుచున్నారా?" ఇంగ్లీషు ప్రశ్నను అలా దించేశారు. విజయవాడ కృష్ణలంకలో ఇంటి పనులు చేసుకునే ఆవిడకు ఇది అర్థం కాదు, అర్థమైనా దీనికి అవును అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. దీన్నే ఇలా అడగవచ్చు: "పనుల్లో పడి మాత్ర మర్చిపోవడం అందరికీ జరిగేదే. పోయిన ఏడు రోజుల్లో మీకు ఎన్ని రోజులు అలా జరిగిందమ్మా?" తప్పు ఒప్పుకున్నట్టు అనిపించకుండా అంకె చెప్పేలా ఉండాలి ప్రశ్న. ఆ తర్వాత "మందులు ఒకసారి చూపిస్తారా?" అనండి. కవరో, బిస్కెట్ డబ్బానో బయటికి వస్తుంది. ఎప్పుడు తెచ్చారు, అప్పుడు ఎన్ని ఇచ్చారు, ఇప్పుడు ఎన్ని మిగిలాయి అన్నది అక్కడికక్కడే లెక్కపెట్టండి. స్ట్రిప్పు చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. మెడికల్ షాపులో ఐదు మాత్రలు కత్తిరించి ఇస్తే, మందు పేరు, తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అలాంటి రెండు ముక్కలు ఒకే కవరులో ఉంటే ఏది బీపీదో ఏది గ్యాస్‌దో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇది మీ ప్రశ్నావళిలో ఏ గడిలోనూ పట్టదు, కానీ మానేయడానికి ఇదీ ఒక కారణమే. ముందుగా చెప్పి వెళ్తే లెక్క సరిపెట్టడానికి మాత్రలు తీసి పారేసేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి, లెక్కపెడతామని ముందు రోజు ఫోన్ చేసి చెప్పకండి. అయితే ఇంట్లోకి వచ్చాక ఎందుకు లెక్కపెడుతున్నారో చెప్పి, వాళ్ళు సరేనన్నాకే ముట్టుకోండి.

కారణాలు అడిగేటప్పుడు "అవగాహన లేకపోవడం, మరుపు, ఖర్చు" అని మూడు గడులు గీసి టిక్కు పెట్టకండి. ఈ మూడు మాటలూ ప్రతి థీసిస్‌లో ఉంటాయి, వాటితో ఎవరికీ ఒరిగిందేమీ లేదు. కనీసం పన్నెండు పదిహేను మందితో తీరిగ్గా కూర్చుని, వాళ్ళ మాటల్లోనే కథ చెప్పించుకోండి. మాత్ర మొదటిసారి ఆగిన రోజు ఏం జరిగింది అని అడగండి. అప్పుడు అసలు కారణాలు బయటికి వస్తాయి.

నేను విన్నవి కొన్ని చెబుతాను. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒకావిడ బీపీ మాత్ర మానేసింది. ఆమె మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది, అంటే ఒంట్లో నీరు లాగే మందు. పొద్దున వేసుకుంటే రెండు మూడు సార్లు మూత్రానికి వెళ్ళాలి. ఆమె పనిచేసే చోట ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. కూలి డబ్బు పోకుండా, పరువు పోకుండా ఆమె చేయగలిగింది మాత్ర మానేయడమే. దాన్ని "అవగాహన లోపం" అని రాస్తే ఆమెకు మనం చేసే అన్యాయం అంతా ఇంతా కాదు. ఇంకొకాయన ఎనలాప్రిల్ అనే బీపీ మందు వేసుకుంటే పొడి దగ్గు పట్టుకుంది. అది ఆ మందుకు అందరికీ తెలిసిన గుణమే, కానీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు టీబీ అనుకుంటారేమోనని భయపడి మందు ఆపాడు, దగ్గు తగ్గింది. ఆయన దృష్టిలో అది సరైన ప్రయోగం. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందుతో పాదాలు వాచినవాళ్ళు "కిడ్నీ పోతోంది" అని ఆపేస్తారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం గురించి, ఎన్టీఆర్ జిల్లాలోనే ఉన్న ఎ.కొండూరు తండాల గురించి వార్తలు విన్న మనుషులకు కాళ్ళ వాపు చూస్తే ఆ భయం రావడంలో వింతేముంది? అదే మనిషి నడుం నొప్పికి షాపులో అడిగి కొనుక్కునే పెయిన్ కిల్లర్‌ను మాత్రం అనుమానించడు. కిడ్నీకి నిజంగా భయపడాల్సింది దాని గురించే. ఈ రెండు మాటలూ పక్కపక్కనే మీ థీసిస్‌లో ఉంటే, చదివిన డాక్టరు రేపటి నుంచి చీటీ రాసేటప్పుడు ఒక మాట ఎక్కువ చెబుతాడు.

దీక్షల సంగతి కూడా అడగండి. కార్తీకం నుంచి మార్గశిరం దాకా విజయవాడలో ఎర్రబట్టలు కనబడని వీధి ఉండదు. భవానీ దీక్షలో, అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవాళ్ళు గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర మామూలుగానే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టి, కళ్ళు తిరిగి ఒకసారి పడిపోయాక ఎవరైనా ఆ మాత్ర జోలికి వెళ్తారా? రంజాన్ ఉపవాసాల్లోనూ ఇదే కథ. దీక్ష మొదలయ్యే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళి డోసు మార్పించుకోవచ్చని ఎవరైనా చెప్పారా అన్నది ఒక ప్రశ్నగా పెట్టండి. మీరు డేటా సేకరించే నెలలు ఈ కాలంలో పడ్డాయో లేదో కూడా రాయండి.

స్కేలు విషయం. మోరిస్కీ ఎనిమిది ప్రశ్నల స్కేలుకు కాపీరైట్ ఉంది, వాడాలంటే లైసెన్సు తీసుకోవాలి. దాని విషయంలో గొడవలై, అచ్చయిన పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. సీనియర్ల ఫైలు నుంచి దించుకుని వాడకండి. ఏడు రోజుల ప్రశ్న, మాత్రల లెక్క, కేంద్రంలో మందు ఇచ్చిన తేదీలు, ఈ మూడూ కలిపితే ఏ ఒక్క స్కేలు కంటే గట్టిగా ఉంటుంది. మూడూ ఒకే మాట చెప్పకపోతే కంగారు పడవద్దు. ఎక్కడ తేడా వచ్చిందన్నదే రాయాల్సిన విషయం. తెలుగు ప్రశ్నలను ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, అసలు ఇంగ్లీషు చూడని ఇంకొకరు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చి, రెండూ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. దిగులు కూడా కొలవాలనుకుంటే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక తెలుగులో ఉంది, ఉచితం. కానీ అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననో, తనను తాను గాయపరచుకోవాలనో అనిపించిందా అని అడుగుతుంది. అవునంటే ఏం చేస్తారో ముందే ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్న అడిగే హక్కు మనకు లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి ఇవ్వడం, అదే రోజు సైకియాట్రీ డాక్టరుతో మాట్లాడటం, రెండూ మీ ప్రోటోకాల్‌లో (అధ్యయనం ఎలా చేస్తారో ముందే రాసే పత్రంలో) ఉండాలి.

వంద మంది చాలా అంటే, ఆ వంద ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 4పీక్యూను డీ స్క్వేర్‌తో భాగిస్తే వచ్చేది శాంపిల్. పీ అంటే మానేసినవాళ్ళ శాతం మన అంచనా, క్యూ అంటే వందలో మిగిలినది, డీ అంటే మనం ఒప్పుకునే తేడా. మానేసినవాళ్ళు 50 శాతం అనుకుని, 10 శాతం అటూఇటూ అయినా ఫర్వాలేదనుకుంటే 10,000ను 100తో భాగిస్తే 100. అంటే అసలు సంఖ్య 40 కావచ్చు, 60 కావచ్చు. 30 శాతం అనుకుని 5 శాతం తేడా మాత్రమే ఒప్పుకుంటే 8,400ను 25తో భాగించి 336. దొరకనివాళ్ళ కోసం ఇంకొంత కలపాలి. వందలో మానేసినవాళ్ళు 20 మందే తేలితే, వాళ్ళను వయసు, చదువు, పని, ఆదాయం అని ముక్కలు చేసేసరికి ఒక్కో గడిలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. అలాంటి పట్టికకు కై-స్క్వేర్ కట్టడం సరికాదు. పైగా నలభై పరీక్షలు చేస్తే, ఏ సంబంధం లేకపోయినా 5 శాతం లెక్కన రెండింటిలో తేడా ఉన్నట్టు కనబడుతుంది. మీరు నిజంగా తెలుసుకోవాలనుకున్న నాలుగైదు సంబంధాలు ముందే రాసి పెట్టుకుని వాటినే చూడండి.

ఒక విషయం మాత్రం మీ గైడ్ గారు అడగకపోయినా చేయండి. ఇంటింటికీ తిరిగి బీపీ చూస్తే, ఏదో ఒక అరుగు మీద 190/110 కనబడుతుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతికి ఆనింపు ఇచ్చి, మళ్ళీ చూసినా అంతే ఉంటుంది. ఆ అంకె గడిలో రాసుకుని పక్కింటికి వెళ్ళిపోతే మనం చేసింది పరిశోధన కాదు. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క బలహీనత ఉన్నాయేమో అడగాలి, ఉంటే 108కి ఫోన్ చేసి అంబులెన్సు వచ్చేదాకా ఉండాలి. లేకపోతే మీ చేత్తో చీటీ రాసి, ఆ కేంద్రం డాక్టరుకు మీరే ఫోన్ చేసి, రెండు రోజుల్లో వాళ్ళు వెళ్ళారో లేదో కనుక్కోవాలి. ఆ మనిషి మీ అధ్యయనంలో లెక్క అయ్యే ముందు మీ పేషెంటు. ఇలా చేస్తే మా ఫలితాలు మారిపోవా అని ఒక పీజీ నన్ను అడిగింది. మారనివ్వండి, మారాయని రాయండి అన్నాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఎవరినీ ఒక్క ప్రశ్న కూడా అడగకండి. ఈలోపు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మీ కాలేజీవాళ్ళు పనిచేసే ఫీల్డ్ ప్రాక్టీస్ ఏరియాలో ఏఎన్ఎం మామూలుగా ఇళ్ళకు వెళ్ళే రోజున, మెడికల్ ఆఫీసరు గారికి చెప్పి, తెల్లకోటు లేకుండా, కాగితం లేకుండా ఆమె వెంట ఒక పూట తిరగండి. ఆమె ఏ ఇంటి ముందు ఆగుతుందో, ఏ ఇల్లు దాటి వెళ్ళిపోతుందో చూడండి. దాటి వెళ్ళిన ఇంటి గురించి సాయంత్రం ఆమెను అడగండి. మీ ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న ఏమిటో ఆమె జవాబులో దొరుకుతుంది. ప్రోటోకాల్ రాశాక ఒకసారి నాకు చూపించండి, ఓపికగా చదువుతాను.